తాడుకి అవతలి అక్క

మొన్న మొన్నటిదాకా ప్లేనోలో మా అమ్మాయి శిరీష వాళ్ళ గరాజులో ఒక దీపం ఉండేది. దీపమంటే దేవుడి గూట్లో పెట్టుకునే ప్రమిద అనుకునేరు. నా భుజాల ఎత్తున ఉండే ఇత్తడి సెమ్మె అది. పైన హంస, కింద పళ్ళెమంత పీట. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు చందాలు వేసుకుని ఇండియా నుంచి ఓడలో తెప్పించారు. ఉగాదికీ దీపావళికీ అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియంలో దాన్ని స్టేజి మీద నిలబెట్టి, పట్టుచీరలు కట్టుకున్న వాళ్ళంతా వరసగా వచ్చి తలో వత్తీ వెలిగించి ఫోటోలు తీయించుకునేవారు. ఫైర్ అలారం మోగుతుందని స్కూలు వాళ్ళు అభ్యంతరం చెబితే నూనె మానేసి బ్యాటరీ వత్తులు పెట్టారు. ఆ తర్వాత కూడా మైకులో 'జ్యోతి ప్రజ్వలన' అనే అన్నారు. స్విచ్చి నొక్కడానికి శ్లోకం కూడా చదివారు. నేను ముందు వరసలో కూర్చుని నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాల్సి వచ్చింది.

తర్వాత ఆ సంఘం రెండుగా చీలింది. ఎందుకు చీలిందని ప్లేనోలో ఎవరినడిగినా తలో కథ చెబుతారు. ప్రతి కథలోనూ చెప్పేవాడే ధర్మరాజు. ప్యానెల్ అంటారు, బైలాస్ అంటారు, ట్రాన్స్‌పరెన్సీ అంటారు. ఇంట్లో గిన్నె కడగని మగవాళ్ళు రాజ్యాంగం రాసినంత గంభీరంగా ఈమెయిళ్ళు రాసుకున్నారు. మొన్నటి ఉగాదికి ఒకే ఆదివారం, ఒకే రోడ్డుకి ఇటు స్కూల్లో ఒక ఉగాది, అటు స్కూల్లో ఇంకో ఉగాది జరిగాయి. రెండు చోట్లా అదే కేటరింగ్ వాడి పులిహోర. ఆ వ్యాన్ వాడు రోడ్డు దాటుతూ ఇటూ అటూ తిరగడం నేను కళ్ళారా చూశాను. ఊరు మొత్తంలో రెండు దేశాల మధ్య రాకపోకలు సాగించిన మనిషి అతనొక్కడే.

ఇందులో నాకు కష్టం కలిగించిన సంగతి ఒకటుంది. పక్కింటి మాధవి. ఆ అమ్మాయిది వరంగల్. బెంటన్‌విల్‌లో ఉద్యోగాలకి ఈ దేశం కొత్తగా వచ్చిన రోజుల్లో మా శిరీష, మాధవి, వాళ్ళ భర్తలు ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే కుక్కర్‌తో కాపరం చేశారు. శిరీషకి నొప్పులొస్తే కారు డ్రైవ్ చేసి హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది మాధవి. వీసా రాక నేను గుంటూరులో కూర్చుని ఏడుస్తుంటే, బాలింతకి వెల్లుల్లి కారప్పొడి నూరి అన్నంలో కలిపి పెట్టింది కూడా ఆ పిల్లే. ప్లేనో వచ్చాక పట్టుబట్టి పక్కపక్క ఇళ్ళు కొనుక్కున్నారు. వెనక పెరళ్ళ మధ్య చెక్క కంచెలో ఒక పలక ఊడదీసి పిల్లలకి దారి చేశారు. ఇప్పుడు మా అల్లుడు ఒక ప్యానెల్, మాధవి భర్త ఇంకో ప్యానెల్. దీపం మా గరాజులో ఉంది కాబట్టి మాదని వీళ్ళంటారు, తెప్పించే పనంతా మేమే చేశాం కాబట్టి మాదని వాళ్ళంటారు. ఒక శనివారం మా అల్లుడు హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి మేకులు తెచ్చి ఆ కంచె పలక బిగించేశాడు. అవతలి నుంచి కూడా సుత్తి చప్పుడు వినిపించింది. ఒకే పలకకి రెండు వైపులా మేకులు కొట్టుకున్న మహానుభావులు వీళ్ళు. ఇదేమిటే అని శిరీషనడిగితే, "అమ్మా, ఇది ప్రిన్సిపుల్ మ్యాటర్. నీకు అర్థం కాదు. నువ్వు ఇన్వాల్వ్ అవ్వకు," అంది.

నాకు అర్థం కాదట. బార్డర్ అనగానే ఈ రాష్ట్రంలో అందరికీ దక్షిణాన పక్క దేశానికి సరిహద్దుగా పారే నది గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక తాడు గుర్తొస్తుంది. పచ్చిక మైదానంలో, ఒక సైనికుడి చేతిలోంచి ఇంకో సైనికుడి చేతిలోకి సాగదీసిన జనపతాడు. పశువుల్ని కట్టేసేంత లావు కూడా లేదు. ఆ తాడుకి అటూ ఇటూ నిలబడి ఏడ్చిన వాళ్ళని చూసిన కళ్ళతో ఈ మేకులు చూడాల్సి వచ్చింది.

మా నాన్న గుంటూరు జిల్లాలో సీసం గనుల దగ్గర జియాలజిస్టు. నా చిన్నప్పుడు యుగోస్లావియా అని ఒక దేశం ఉండేది. మన దేశానికీ దానికీ గొప్ప స్నేహమని పేపర్లన్నీ రాసేవి. ఆ స్నేహంలో భాగంగా మన నిపుణుల్ని అక్కడికి పంపేవారు. అలా నాన్న అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని బోసిలెగ్రాడ్ అనే చోట గనుల సర్వేకి వెళ్ళాడు. ఆ దేశం ఇప్పుడు లేదు. ముక్కలైంది. ఆ ఊరు సెర్బియా ముక్కలో చివర, బల్గేరియా సరిహద్దుకి అంటుకుని ఉంది. మునిసిపాలిటీ అనేవారు గానీ అది మర్యాదకి అన్నమాటే. ఒక పెద్ద వీధి, ఒక బడి, ఒక చర్చి, రోజుకి ఒక బస్సు, చుట్టూ కొండల మీద అక్కడక్కడా విసిరేసినట్టు పల్లెలు. జనం దాదాపు అందరూ బల్గేరియన్లు. ఇల్లు కదలకుండా దేశం మారిన వాళ్ళు. వాళ్ళ తాతల కాలంలో ఒక పెద్ద యుద్ధం ముగిశాక, పారిస్ దగ్గరెక్కడో కోట్లు వేసుకున్న దొరలు బల్ల చుట్టూ కూర్చుని మ్యాప్ మీద గీత గీశారు. ఆ దొరల్లో ఒక్కడు కూడా ఆ కొండలెక్కి ఉండడు. కొన్నిచోట్ల ఊరు ఇటు పడింది, ఊరి శ్మశానం అటు పడింది. ఇల్లు ఒక దేశం, పొలం ఒక దేశం. గీత గీసిన చేతులు ఆ సాయంత్రం మంచి భోజనమే చేసి ఉంటాయి.

మేం అద్దెకున్న ఇంటావిడ పేరు వీద. అక్కడ ముసలమ్మల్ని బాబ అని పిలుస్తారు. అందుకని నాకు ఆవిడ బాబ వీద, మా అమ్మకి మాత్రం మామ్మగారు. అమ్మ అక్కడున్నన్నాళ్ళూ తెలుగులోనే మాట్లాడింది, ఆవిడ బల్గేరియన్‌లోనే మాట్లాడింది. ఇద్దరికీ ఎప్పుడూ మాటలు తక్కువ కాలేదు. నేను బడిలో ఆ భాష నేర్చుకున్నాక నన్ను మధ్యలో పెట్టుకున్నారు గానీ, నేను వచ్చాకే వాళ్ళకి అపార్థాలు మొదలయ్యాయని నా అనుమానం. నాన్నకి మాత్రం భాషల గొడవ లేదు. ఆయన ప్రపంచ దేశాల మధ్య స్నేహం గురించి ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చేవాడు. అన్ని దేశాల వాళ్ళతోనూ సఖ్యంగా ఉండేవాడు, ఒక్క మా అమ్మతో తప్ప.

బాబ వీద పొద్దున్నే లేచి కట్టెల పొయ్యి రాజేసేది. చెక్క తొట్టిలో పిండి పిసికి రొట్టె కాల్చేది. రొట్టె కోసే ముందు దాని మీద కత్తితో శిలువ గీసేది. ఇల్లంతా ఉన్ని వాసన, పొగ వాసన, మెట్ల కింద పీపాలో ఊరేసిన క్యాబేజీ పులుపు వాసన. ఆ పీపా మూత తీసినప్పుడల్లా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తేది. ఆ అమ్మే ఇంగువ పొంగించినప్పుడు బాబ వీద తలుపులు తీసి వీధిలోకి పోయేది. లెక్క సరిపోయింది. శరదృతువు వచ్చిందంటే ఊరు ఊరంతా పెరట్లో రేకుల మీద ఎర్ర మిరపకాయలు కాల్చేవారు. తొక్క వలిచి, నూరి, నూనెలో ఉడకబెట్టి శీతాకాలానికి జాడీలకెత్తేవారు. ఆ వాసనకి మా అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గుంటూరు గుర్తొచ్చి. ఆశగా ఒక వేలితో తీసి నాలిక మీద వేసుకుని, "ఇదేం మిరపకాయ, బెండకాయకి ఎర్రరంగు వేసినట్టుంది," అని తేల్చేసింది. బాబ వీద మాత్రం మా ఎండుమిరపకాయ ఒకటి కొరికి, ఎక్కిళ్ళ మధ్య, మీ దేశం వాళ్ళు దీంతో ఎలుకల్ని చంపుతారా అని అడిగింది.

సాయంత్రాలు ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని వడికేది. ఎడమ చంకలో ఒక పొడుగాటి చెక్కుడు కర్ర, దాని పైభాగాన చుట్టిన ఉన్ని, కుడిచేతిలో గిరగిరా తిరిగే కదురు. ఆ కర్ర మీద చిన్న చిన్న సూర్యుళ్ళు, పిట్టలు చెక్కి ఉండేవి. పురుగు తినేసి, నిలువునా చీలి, మధ్యలో తీగతో కట్టి ఉండేది. అది వాళ్ళమ్మ కర్ర. ఆ కర్ర గురించే ఆవిడ బతుకంతా కుళ్ళి కూర్చుంది.

ఆవిడ పుట్టిల్లు గీతకి అవతల పడింది. లోయలో ఒక వాగు, వాగుకి అటు కొండ మీద వాళ్ళ పల్లె. మా వీధి చివరి కొండెక్కితే ఆ ఇంటి పొగగొట్టం కనపడుతుంది, గట్టిగా కేకేస్తే వినపడుతుంది. కానీ వెళ్ళడానికి లేదు. రెండు దేశాలూ కొట్టుకునేటప్పుడు అసలే లేదు, స్నేహంగా ఉన్నప్పుడు ఏడాదికొకసారి వేసవిలో సరిహద్దు మైదానంలో జాతర పెట్టేవారు. మధ్యలో తాడు, అటు వాళ్ళు అటు, ఇటు వాళ్ళు ఇటు. తాడు మీంచి కౌగిలించుకోవచ్చు, రొట్టె అందించుకోవచ్చు. దాటకూడదు. అలాంటి ఒక జాతరలో వాళ్ళమ్మ తాడు మీంచి ఈ కర్ర వీద చేతికిచ్చిందట. ఆ చలికాలమే తల్లి పోయింది. తల్లిని చివరిదాకా చూసుకున్నది అక్కడే ఉన్న అక్క స్తాన. మలమూత్రాలెత్తినదాన్ని నేనైతే అమ్మ కర్ర నీకా అని మరుసటి జాతరలో అందరి ముందూ అక్క అడిగింది. ఇల్లూ పొలమూ అమ్మా అన్నీ నీకే మిగిలాయి, నాకో పుచ్చుకర్ర దక్కితే కళ్ళు మండాయా అని ఈవిడ అంది. అప్పటి నుంచి స్తాన తాడు దగ్గరికి రావడం మానేసింది. చూశారా, సైన్యాలు చెయ్యలేని పని ఒక కర్ర చేసింది. ఆ వయసులోనే నాకు వాళ్ళిద్దరి మీదా ఎంత చిరాకొచ్చిందో చెప్పలేను. దొరలు గీసిన గీత చాలదని మీరూ ఒకటి గీసుకున్నారా అని అడగాలనిపించేది.

మేమున్న రెండో చలికాలంలో స్తాన మంచం పట్టిందని వర్తమానం వచ్చింది. గొర్రెల కాపరులకి సరిహద్దులుండవు, వాళ్ళే మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి బాబ వీద రొట్టె మాడ్చేది, కదురు పడేసేది. వాళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యే ఆదివారాన్ని క్షమాపణల ఆదివారం అంటారు. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళింటికి వెళ్ళి, చెయ్యి ముద్దుపెట్టుకుని, నన్ను క్షమించు అనాలి. పెద్దవాళ్ళు క్షమించాను అనాలి. తప్పు ఎవరిదన్న విచారణ లేదు. చిన్నవాళ్ళే వెళ్ళాలి, అంతే. ఇంటింటికీ కోడళ్ళు, తమ్ముళ్ళు, మనవలు నారింజపండ్లు పట్టుకుని తిరుగుతారు. చీకటి పడే వేళకి కొండల మీద పెద్ద పెద్ద మంటలు వేస్తారు. బాబ వీద తల నెరిసి బోసినోరు పడినా ఆ అక్కకి చెల్లెలే. తను క్షమాపణ అడగకముందే అక్క పోతే, ఆ మాట ఇక ఎవరి చేతిలో పెట్టాలి? మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగింది ఇదే. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, "అలాగే మామ్మగారూ, నేనూ వస్తాను," అంది.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురం కొండెక్కాం. మంచు మోకాళ్ళదాకా ఉంది. ఎక్కే ముందు నేను అమ్మకి చెప్పాను, కొండ మీద మంట వేస్తారు, పాత గొడవలు పోతాయి అని. నాకు తెలిసినంతలో చెప్పాను. అమ్మకి అది చాలు. భోగిమంటే కదా అంది. ఇంట్లో విరిగిన పీట కాలు, అరిగిపోయిన చీపురు, నాన్న పాత బ్రష్షు కూడా సంచీలో వేసుకుంది. బాబ వీద ఆ సంచీ వంక వింతగా చూసి, ఏదో వీళ్ళ దేశపు పూజ అనుకుని ఊరుకుంది. ఆవిడ చంకలో మాత్రం ఆ కర్ర ఉంది, కొత్త ఉన్ని చుట్టి, పండక్కి ముస్తాబు చేసినట్టు. మంట వెలుగులో దాన్ని పైకెత్తి అటు కొండకి చూపించాలని, ఇది నీది, జాతరకి తెచ్చిస్తాను, నన్ను క్షమించు అని కేకెయ్యాలని ఆవిడ ఆలోచన. ఇది మాకు చెప్పలేదు. ముసలివాళ్ళు ముఖ్యమైనవి ఎప్పుడూ చెప్పరు.

ఆవిడ ఆ కర్రని కట్టెల పక్కన మంచు మీద పెట్టి, వంగి మంట రాజేసింది. కట్టెలు అంటుకున్నాయి. అమ్మ భక్తిగా పీట కాలు వేసింది, చీపురు వేసింది, బ్రష్షు వేసింది. తర్వాత చుట్టూ చూసి, పురుగు తిని తీగతో కట్టిన ఆ కర్ర కనపడితే, పాపం ముసలావిడ మళ్ళీ వంగాలి కదా అని, దాన్ని కూడా తీసి మంటలో పెట్టేసింది. పైన చుట్టిన ఉన్ని భగ్గుమంది. జుట్టు కాలిన వాసన వచ్చింది. బాబ వీద చెయ్యి సగం చాచి అలాగే నిలబడిపోయింది. ఎండి ఎండి ఉన్న కర్ర, సూర్యుళ్ళూ పిట్టలూ అన్నీ క్షణంలో ఎర్రబడి కూలిపోయాయి. అమ్మ ఆవిడ ముఖం చూసి, నావైపు తిరిగి, "ఏమే, ఏం చేశాను?" అంది.

ఆవిడ తిట్టలేదు. మంట పక్కనుంచి నాలుగడుగులు ముందుకి వేసి, రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పట్టి, అటు కొండ కేసి అరిచింది. "అక్కా, నన్ను క్షమించు." ఇంకేం లేదు. కర్ర మాట ఎత్తలేదు. ఎత్తడానికి కర్ర లేదుగా. అటు కొండల మీద వేరే మంటలు కనపడ్డాయి గానీ ఆ పొగగొట్టం ఇంటి దగ్గర మాత్రం చీకటే. ఒక కుక్క మొరిగింది. కిందకి దిగేటప్పుడు ఆవిడ అమ్మ భుజం పట్టుకుని దిగింది. ఇంటికొచ్చాక నేను విషయం చెబితే అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తన పెళ్ళినాటి ఎర్రచందనం కుంకుమభరిణె తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టబోయింది. ఆవిడ తీసుకోలేదు. భరిణె మూత తీసి వాసన చూసి, మూసి, మళ్ళీ అమ్మ చేతిలోనే పెట్టింది. నాన్నకి ఇదంతా తెలిశాక సాంస్కృతిక అపార్థాల గురించి అరగంట మాట్లాడాడు. ఎవరూ వినలేదు.

వేసవిలో జాతర పెట్టారు. స్తాన కూడా వస్తోందని కాపరులు కబురు తెచ్చారు. బాబ వీద నల్ల గౌను వేసుకుని, తలకి కొత్త రుమాలు కట్టుకుని, ఒక నారింజపండు మూటలో పెట్టుకుని బయలుదేరింది. వేసవిలో నారింజ ఆ కొండల్లో దొరకదు. ఎక్కడ సంపాదించిందో ఇప్పటికీ నాకు తెలియదు. మైదానంలో డోలు, బాకాలు, మాంసం కాలుతున్న పొగ, ఇసకేస్తే రాలని జనం. తాడు దగ్గర నాలుగు వరసలుగా తోసుకుంటున్నారు. ఆవిడ ఆ జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వెళ్ళింది. తుపాకి తగిలించుకున్న సైనికుడొకడు వెనక్కి పొమ్మంటే, వాడి గెడ్డం దాకా కూడా లేని ఆ ముసలమ్మ, "నేను చిన్నదాన్ని. మా అక్క వచ్చింది. దారివ్వు," అంది. గొప్పగా చెప్పింది, బిరుదు చెప్పుకున్నట్టు. వాడు పక్కకి తప్పుకున్నాడు.

స్తానని ఎడ్లబండిలో తెచ్చారు. ఎముకల మీద చర్మం కప్పినట్టుంది. కొడుకు ఎత్తుకొచ్చి తాడు దగ్గర పీట మీద కూర్చోబెట్టాడు. వీద మోకాళ్ళ మీద కూలబడి, తాడు కిందనుంచి ఆవిడ చెయ్యి లాక్కుని ముద్దుపెట్టుకుంది. నన్ను క్షమించు అంది. అమ్మ కర్ర కాలిపోయిందక్కా అంది. ఎవరు కాల్చారని అక్క అడిగితే, మా అమ్మని చూపించింది. స్తాన చాలాసేపు మా అమ్మ వంక చూసింది, చీర, బొట్టు, జడ, అన్నీ. అమ్మ నా వెనక్కి వెళ్ళి నిలబడింది. అప్పుడు స్తాన చెల్లెల్ని అడిగింది.

"బాగా మండిందా?"

"బాగా మండింది."

"మండుతుంది. అమ్మ ఎప్పుడూ ఎండిన కర్రే ఏరేది." తర్వాత ఆ నారింజపండు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, "నీ మంట చూశాను. లేవలేక నాది వెలిగించలేదు. క్షమించాను లే, లేచి కూర్చో," అంది.

ఆ చలికాలం రాకముందే బాబ వీద గేటు మీద ఒక కాగితం అంటించారు. అక్కడ మనిషి పోతే నల్ల అంచు వేసి, ఫోటోతో కాగితం అచ్చువేసి బంధువుల తలుపులకి అంటిస్తారు. స్తాన ఫోటో అది. సమాధి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి బాబ వీద రోజూ పొద్దున్న ఆ గేటు దగ్గర నిలబడి ఆ కాగితంతో మాట్లాడేది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. రొట్టె ఎలా కుదిరింది, మంచు ఎంత పడింది, అంతే. మనసు తేలికైన మనిషి మాట్లాడే తీరు అది.

ఇదంతా శిరీషకి ఎన్నోసార్లు చెప్పాలని చూశాను. మొదలుపెట్టగానే, "అమ్మా, నాకు కాల్ ఉంది," అంటుంది. మాధవికి చెబుదామంటే కంచెకి మేకులు. పోనీ మంట వేద్దామంటే ఈ కాలనీ అసోసియేషన్ వాళ్ళు గడ్డి ఒక అంగుళం పెరిగితేనే నోటీసు పంపుతారు. పైగా ఇత్తడి మంటలో కాలదు. అమ్మకి దొరికిన సౌకర్యం నాకు లేదు.

మా వీధికి నెలకోసారి పాత సోఫాలూ పరుపులూ ఎత్తుకెళ్ళే పెద్ద చెత్త ట్రక్కు వస్తుంది. మొన్న ఆ పొద్దున్న అల్లుడు ఆఫీస్‌కి వెళ్ళాక, నేను గరాజులో ఆ సెమ్మె మరలు విప్పి, ముక్క ముక్కగా మోసుకెళ్ళి, రోడ్డు అంచున మళ్ళీ బిగించి నిలబెట్టాను. ఎండకి ధగధగలాడింది. ఇన్నాళ్ళకి దానికి నిజమైన వెలుగు తగిలింది. ముందు మాధవి చూసింది. ఇంట్లో వేసుకునే పైజామాతోనే పరుగెత్తుకొచ్చి సెమ్మె పట్టుకుంది. "ఆంటీ, ఏం జేస్తున్నరు మీరు? దీన్ని ట్రాష్‌లో ఎట్ల పెడ్తరు?" అంది. ఆ గొంతు విని చెవికి హెడ్‌సెట్‌తోనే శిరీష వచ్చింది. ఆ అమ్మాయి చెయ్యి దాని మీద చూడగానే తనూ పట్టుకుంది. ఏడాదిగా ముఖాలు చూసుకోని ఇద్దరూ ఒకే ఇత్తడి కాండాన్ని పట్టుకుని నిలబడ్డారు, వదిలితే దేశం పోతుందన్నట్టు. ట్రక్కు మూల తిరిగింది.

నేను ఒక్కటే చెప్పాను. "మీ ఇద్దరిలో ఎవరు చిన్నో వాళ్ళు పెద్దదాని చెయ్యి పట్టుకుని తప్పయిపోయిందనండి. దీపం లోపల పెట్టేస్తాను."

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. నలభై దాటాక పుట్టినరోజు కేకు మీద అంకె పెట్టనివ్వని ఇద్దరు ఆడవాళ్ళు, పెద్దరికం కోసం కొట్టుకున్నారు. "తనే చిన్నది ఆంటీ, కాలేజ్ల నేను సీనియర్‌ని," అంది మాధవి. "సీనియర్ అయితే? సర్టిఫికెట్‌లో నా డేట్ తప్పు వేయించారమ్మా, నువ్వే చెప్పు, అసలు నేనే పెద్ద కదా," అంది మా అమ్మాయి. సర్టిఫికెట్‌లో తనదీ తప్పేనని మాధవి. ఏడ్చినట్టుంది. మన దేశంలో మనిషికి రెండు పుట్టినరోజులుంటాయి, దేనికి ఏది లాభమో అది బయటికి తీస్తాం. లెక్క చెప్పడానికి వేళ్ళు కావాలి కాబట్టి ఇద్దరూ సెమ్మె వదిలేశారు. నెరిసిన మీసాల ట్రక్కు డ్రైవరు దిగి, ఇది తీసుకెళ్ళాలా అని కళ్ళతోనే నన్నడిగాడు. నేను తలూపాను. పాపం అతను రెండు చేతులతో పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి వెనక వేశాడు. మీట నొక్కాక ఇత్తడి నలిగిన చప్పుడు వీధంతా వినపడింది. మా అమ్మ తెలియక చేసింది. నేను తెలిసే చేశాను.

ఆ సాయంత్రం పెరట్లో మాటలు వినిపిస్తే వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కంచెకి ఇటు శిరీష, అటు మాధవి తల. ఆంటీకి మెమరీ టెస్ట్ చేయిస్తే మంచిదేమో అంటోంది మాధవి. నాకూ అదే డౌట్‌గా ఉంది అంటోంది నా కూతురు. మాధవికి తెలిసిన డాక్టరున్నారట, తనే డ్రైవ్ చేసి తీసుకెళ్తుందట. బెంటన్‌విల్‌లో ఉన్నప్పటి గొంతులు అవి. ఇద్దరిలో చిన్నదెవరో ఇంకా తేలలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. అపాయింట్‌మెంట్ మాత్రం ఇద్దరూ కలిసే బుక్ చేశారు.